అడిలైడ్ నుంచి డార్విన్ దాకా బండి మీద: ఆస్ట్రేలియా నడిబొడ్డు గుండా ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి

హైదరాబాద్ నుంచి విజయవాడకు మోటారుసైకిల్ మీద బయలుదేరారనుకోండి. దారిలో చౌటుప్పల్ లేదు, సూర్యాపేట లేదు, కోదాడ లేదు. ఒక్క పెట్రోల్ బంకు, ఒక్క టీ కొట్టు, చెట్టు కింద కూర్చున్న ఒక్క మనిషి కూడా లేరు. ఫోనులో సిగ్నల్ లేదు. విజయవాడ చేరేదాకా ఎర్రమట్టి, పొదలు, ఆకాశం, అంతే. దక్షిణ ఆస్ట్రేలియాలో గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 254 కిలోమీటర్లు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

అడిలైడ్‌లో స్థిరపడిన నాలాంటి తెలుగువాళ్ళు, మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చే మిత్రులు ఈ దారి గురించి తరచూ అడుగుతుంటారు. అందరూ ముందుగా అడిగేది "ఏ బండి అయితే బాగుంటుంది?" అని. ఆ ప్రశ్న చివర్లో అడగాల్సింది. ముందు అడగాల్సినవి మూడు: పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, నీళ్ళు ఎన్ని మోయాలి, పొద్దు గుంకేలోపు ఎక్కడికి చేరతాను. ఈ మూడింటికీ ఇంట్లో కూర్చునే కాగితం మీద జవాబు రాసుకున్నవాళ్ళకు ఈ ప్రయాణం జీవితాంతం గుర్తుండిపోయే ఆనందం. రాసుకోనివాళ్ళకు ఇది నిజంగా ప్రాణాపాయం.

ముందు నెల ఎంచుకోండి

మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళండి. ఈ విషయంలో రాజీ వద్దు. ఇక్కడ డిసెంబరు, జనవరి నడివేసవి. దేశం మధ్యభాగంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, మాకేం అనుకోకండి. రెంటచింతలలో నీడ ఉంటుంది, గుక్కెడు నీళ్ళిచ్చే ఇల్లు ఉంటుంది. ఇక్కడ బండి ఆగితే మీ నీడ తప్ప వేరే నీడ ఉండదు. పైగా ఉత్తరాన డార్విన్ వైపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానకాలం. వాగులు పొంగితే రోడ్లు రోజుల తరబడి మూసేస్తారు.

చలికాలంలో వెళ్ళేవాళ్ళు పట్టించుకోని సంగతి ఒకటుంది. జూన్, జూలైలలో దేశం నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో పగలు 20 డిగ్రీలతో హాయిగా ఉన్నా, రాత్రి సున్నాకు దగ్గరగా పడిపోతుంది. ఎడారి అంటే వేడి అనుకుని పల్చటి దుప్పటితో వెళితే తెల్లవార్లూ వణకాల్సిందే. సున్నా డిగ్రీలకు సరిపోయే స్లీపింగ్ బ్యాగ్, చేతులకు మందపాటి గ్లవ్స్ తప్పనిసరి.

దారిని రోజులుగా విడగొట్టండి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు స్టువర్ట్ హైవే మీదే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా ఖండాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయే తారురోడ్డు ఇది. 1862లో దక్షిణం నుంచి ఉత్తర తీరం దాకా చేరి తిరిగొచ్చిన అన్వేషకుడు జాన్ మెక్‌డవల్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆయన నడిచిన జాడలోనే పదేళ్ళ తర్వాత, 1872లో, టెలిగ్రాఫ్ తీగ వేశారు. డార్విన్ దగ్గర సముద్రంలోకి దిగిన ఆ తీగ జావా, సింగపూర్‌ల మీదుగా మద్రాసుకు కలిసేది, అక్కడి నుంచి లండన్‌కు. అంటే అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాల రాజధాని అయిన చెన్నపట్నం మీదుగానే ఈ ఎడారి కబుర్లు ప్రపంచానికి చేరేవి. ఆలిస్ స్ప్రింగ్స్ టెలిగ్రాఫ్ స్టేషన్‌లో ఆ రాతి గదుల ముందు నిలబడినప్పుడు నాకు ఈ సంగతే మనసులో మెదిలింది.

అడిలైడ్ నుంచి డార్విన్ దాకా మొత్తం సుమారు 3,030 కిలోమీటర్లు. ఎడారి మధ్య నిలిచిన ఎర్రటి మహాశిల ఉలురు చూడటానికి పక్కకు వెళ్ళి వస్తే మరో 490. నేను చెప్పే లెక్క పన్నెండు రోజులది. మొదటి రోజు అడిలైడ్ నుంచి పోర్ట్ అగస్టా, 310 కిలోమీటర్లు. కావాలనే తక్కువ పెట్టాను. సామాను ఎక్కడ వదులుగా ఉందో, ఏ బ్యాగు తొడకు రాసుకుంటోందో ఆ రోజే తెలుస్తుంది, సరిచేసుకోవడానికి దుకాణాలూ ఉంటాయి. రెండో రోజు కూబర్ పీడీ, 540. మూడో రోజు అక్కడే ఆగండి. ఓపల్ రాళ్ళ కోసం పుట్టిన ఊరు అది. ఎండకు తట్టుకోలేక జనం కొండలు తొలుచుకుని ఇళ్ళు కట్టుకున్నారు, నేల కింద పడుకునే అవకాశం మళ్ళీ రాదు. ఊరి చుట్టూ వేల సంఖ్యలో పాత గని గోతులు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఫొటో కోసం వెనక్కి అడుగు వేయొద్దని అక్కడ బోర్డులే పెట్టారు. ఆ మాట వినండి.

నాలుగో రోజు ఎర్ల్‌డండా, 490. అయిదో రోజు పడమరకు తిరిగి, ఉలురు పక్కన బస దొరికే ఊరు యులారా, 245. ఆరో రోజు ఉలురు కోసం. ఏడో రోజు ఆలిస్ స్ప్రింగ్స్, దాదాపు 450. ఎనిమిదో రోజు పూర్తిగా విశ్రాంతి: గొలుసు, టైర్లు, బట్టలు, నడుము, అన్నీ చూసుకోవడానికి. తొమ్మిదో రోజు టెనెంట్ క్రీక్, 505. దానికి వంద కిలోమీటర్ల ముందు రోడ్డు పక్కనే కార్లు కార్లు అనే గుండ్రాళ్ళ గుట్టలు ఉంటాయి. మన హంపీ వైపు, హైదరాబాద్ చుట్టూ ఉన్న బండరాళ్ళకు తోబుట్టువుల్లా కనిపిస్తాయి. పదో రోజు డేలీ వాటర్స్, 400కు కాస్త పైన. పదకొండో రోజు క్యాథరిన్, 275. దారిలో మటరాంకా వేడినీటి బుగ్గలో ఒక గంట మునిగి కూర్చోండి, పది రోజుల నొప్పులు కరిగిపోతాయి. పన్నెండో రోజు డార్విన్, 317.

రోజుకు 500 దాటకూడదన్నది నా నియమం. కూబర్ పీడీ, టెనెంట్ క్రీక్ రోజులు రెండే దానికి మినహాయింపు. కారులో 900 నడిపేవాళ్ళు ఉన్నారు. బండి మీద గాలి కొడుతుంటుంది, చెవుల్లో హోరు ఆగదు, తిన్నగా ఉన్న రోడ్డు కళ్ళను జోకొడుతుంది. గంటన్నరకోసారి బండి ఆపి, హెల్మెట్ తీసి, పది నిమిషాలు నడవండి.

పెట్రోలు లెక్క

ఇక్కడ రోడ్‌హౌస్ అనే మాట తెలుసుకోవాలి. పెట్రోలు పంపు, భోజనం, బార్, నాలుగు గదులు, గుడారం వేసుకునే స్థలం, అన్నీ ఒకే కప్పు కింద ఉండే మజిలీ. మ్యాపులో ఊరి పేరు అనుకున్నది చాలాసార్లు ఒక్క రోడ్‌హౌసే. అది మూతపడితే ఆ ఊరే లేనట్టు. ఈ మజిలీలు చేతులు మారుతుంటాయి, కొన్ని మూతపడుతుంటాయి. పాత మ్యాపును, ఇంటర్‌నెట్‌లో ఎప్పుడో ఎవరో రాసినదాన్ని నమ్మి బయలుదేరకండి. ముందు రోజు సాయంత్రం రేపటి పంపులకు ఫోను చేసి, "రేపు పెట్రోలు ఉంటుందా, ఎన్నింటి దాకా తెరుస్తారు?" అని అడగండి. అలా అడగడం వాళ్ళకు అలవాటే, ఓపికగా చెబుతారు.

ఇప్పుడు లెక్క. నా బండి 411 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 15 లీటర్ల ట్యాంకు. నగరంలో లీటరుకు 30 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే 450 కిలోమీటర్లు వెళుతుందని సంబరపడ్డాను. ఆలిస్ దాటాక ఒక రోజు మధ్యాహ్నం ఎదురుగాలి మొదలైంది. వెనక సామాను, ముందు గాలి, ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా బండి 95 దాటడం లేదు. ఆ సాయంత్రం లెక్క చూస్తే లీటరుకు 21 వచ్చింది. అదే రోజు దారిలో ఒకచోట కరెంటు పోయి పంపు పనిచేయలేదు. మూడు గంటలు వరండాలో కూర్చున్నాను. నా దగ్గర అదనపు డబ్బా లేదు. ఉంటే తర్వాతి మజిలీకి నిశ్చింతగా వెళ్ళిపోయేవాణ్ణి. ఆ మూడు గంటల్లో ఒక సిగరెట్టు అట్ట చించి వెనక రాసుకున్న సూత్రం ఇది, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను.

మీ బండి మామూలుగా ఇచ్చే మైలేజీలో మూడోవంతు తీసేయండి. మిగిలినదే మీ మైలేజీ. నా బండికి అది 20. ఇప్పుడు మ్యాపులో వరసగా ఉన్న మూడు పంపులు తీసుకోండి. మధ్య పంపు లేదనుకోండి. మొదటి దాని నుంచి మూడోదానికి చేరే పెట్రోలు మీ దగ్గర ఉండాలి. పింబా నుంచి గ్లెండాంబో 113, గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ 254. మధ్యది మూతపడితే 367 కిలోమీటర్లు. లీటరుకు 20 చొప్పున 18 లీటర్లకు పైగా కావాలి. నా ట్యాంకు 15. కాబట్టి అయిదు లీటర్ల డబ్బా ఒకటి. రెండూ కలిపితే 400 కిలోమీటర్లు. ఎర్ల్‌డండా, యులారా దారికి, ఉత్తరాన మిగతా దారికి కూడా ఇలాగే లెక్క వేసుకోండి.

డబ్బా విషయంలో పిసినారితనం వద్దు. పెట్రోలు కోసమే తయారైన, మూతకు రబ్బరు వాషరు ఉన్న డబ్బానే కొనండి. మంచినీళ్ళ సీసాలో పెట్రోలు పోయడం ఇక్కడ చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. సైలెన్సర్ వైపు కట్టకండి. వీపు మీది సంచిలో అసలే వద్దు.

ఇంకో మాట. ఉత్తర భూభాగంలో (నార్తర్న్ టెరిటరీలో) చాలా చోట్ల సాధారణ పెట్రోలుకు బదులు లో అరోమాటిక్ ఫ్యూయెల్ అనే రకం అమ్ముతారు. మారుమూల ఆదివాసీ గ్రామాల్లో పెట్రోలు పీల్చే వ్యసనం పిల్లల్ని బలితీసుకుంటుంటే, మత్తునిచ్చే పదార్థాలు తగ్గించి 2005లో ఓపల్ పేరుతో తెచ్చిన ఇంధనం ఇది. ఆక్టేన్ 91. మామూలు బండ్లకు ఏ ఇబ్బందీ లేదు. మీ బండికి 95 తప్పనిసరి అని పుస్తకంలో ఉంటే మాత్రం అది ఏ ఊళ్ళలో దొరుకుతుందో ముందే చూసుకోండి.

నీళ్ళు, తిండి

తారురోడ్డు మీదే వెళ్ళేవాళ్ళు మనిషికి అయిదారు లీటర్లు తక్కువ కాకుండా ఎప్పుడూ బండి మీద ఉంచుకోండి. మట్టిదారి పడితే రోజుకు పది లీటర్ల లెక్కన. అన్నీ ఒకే డబ్బాలో పోయకండి. అది పగిలితే అంతా పోతుంది. నాలుగు చోట్ల సర్దండి. కొన్ని రోడ్‌హౌస్‌లలో కుళాయి నీళ్ళు బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి. అడిగి పట్టుకోండి.

శాకాహారులకు రోడ్‌హౌస్ వంటల్లో మిగిలేది బ్రెడ్డు, బంగాళాదుంప చిప్స్, ఎప్పుడైనా గుడ్లు. అందుకే నేను చిన్న గ్యాసు పొయ్యి, ఒక గిన్నె, అటుకులు, పులిహోర పేస్టు, కందిపొడి, ఎండబెట్టిన ఉప్మా రవ్వ తీసుకెళతాను. కూబర్ పీడీలో రాత్రి చలికి వేడి అన్నంలో కందిపొడి కలుపుకుంటే, పక్క గుడారంలోని ముసలి జంట వాసనకు లేచి వచ్చారు. వాళ్ళకూ పెట్టాను. పొయ్యి వెలిగించే ముందు ఆ రోజు నిప్పు నిషేధం ఉందేమో చూడండి. గాలి, ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరుబయట ఏ మంటా వెలిగించకూడదని ప్రకటిస్తారు, జరిమానా భారీగా ఉంటుంది. రాష్ట్రాల సరిహద్దులు దాటేటప్పుడు పళ్ళు, పచ్చి కూరగాయలు తీసుకెళ్ళడం మీద కూడా ఆంక్షలున్నాయి. ఇంటి పెరట్లోంచి కోసుకున్న కరివేపాకు రెమ్మ కూడా వద్దు. పొడులు, పచ్చళ్ళు చాలు.

బండిని సిద్ధం చేయడం

మీ దగ్గర ఉన్న బండే మంచి బండి, అది బాగా చూసుకున్నదైతే. పెద్ద ఇంజను అక్కర్లేదు. బయలుదేరే రెండు వారాల ముందు సర్వీసు చేయించండి. ముందు రోజు వద్దు. సర్వీసులో ఏదైనా బోల్టు సరిగ్గా బిగించకపోతే, ఆ రెండు వారాల్లో ఊళ్ళోనే బయటపడుతుంది. టైర్లు సగానికి పైగా అరిగి ఉంటే కొత్తవి వేయించండి. మూడు వేల కిలోమీటర్ల గరుకు తారు వెనక టైరును చూస్తుండగానే మింగేస్తుంది. గొలుసుకు ప్రతి సాయంత్రం, ఇంకా వేడిగా ఉండగానే, నూనె పట్టించండి.

వెంట ఉండాల్సినవి: పంక్చరు సామాను, గాలి పంపు, ట్యూబు టైర్లయితే ముందు వెనక ట్యూబులు, టైరు లీవర్లు, క్లచ్ కేబులు, బ్రేకు క్లచ్ లీవర్లు, ఫ్యూజులు, గొలుసు లింకు, లోహానికి అతికే ఎపాక్సీ బంక, ఇనుప తీగ, గట్టి టేపు. ఇవి ఉంటే చాలదు. మీ ఇంటి ముందు ఒక ఆదివారం వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి, మళ్ళీ బిగించండి. మొదటిసారి నాకు రెండున్నర గంటలు పట్టింది, వేళ్ళు కమిలిపోయాయి. మూడోసారి నలభై నిమిషాలు. ఆ అభ్యాసం ఎడారిలో చేయకూడదు.

బండి అద్దెకు తీసుకునేవాళ్ళు ఒప్పందం చదవండి. చాలావాటిలో మట్టిరోడ్డు మీదికి వెళ్ళకూడదని ఉంటుంది. వెళితే బీమా వర్తించదు. భారతదేశం నుంచి వచ్చేవాళ్ళ లైసెన్సులో మోటారుసైకిల్ తరగతి ఉండాలి. కారు లైసెన్సు చాలదు. వీసా రకాన్ని బట్టి ఆ లైసెన్సు ఎంతకాలం చెల్లుతుందో రాష్ట్రానికో నియమం ఉంది, మీరున్న రాష్ట్రపు రవాణా శాఖ దగ్గర చూసుకోండి. ప్రయాణ బీమాలో మోటారుసైకిల్ ప్రమాదం కలిసి ఉందో లేదో అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ నివసించేవాళ్ళు మరో సంగతి గుర్తుంచుకోవాలి: ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో అంబులెన్సు ఖర్చు కలవదు. విడిగా అంబులెన్సు కవర్ తీసుకోండి.

ఆపదలో పిలుపు ఎలా వెళుతుంది

ఊరు దాటిన పది, ఇరవై కిలోమీటర్లకే ఫోను మూగబోతుంది. ఉన్న నెట్‌వర్కులలో టెల్‌స్ట్రాకే ఇక్కడ అందుబాటు ఎక్కువ. అయినా దాన్ని నమ్ముకోకండి. 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ ఒకటి కొనండి, లేదా అద్దెకు తీసుకోండి. అరచేతిలో ఇమిడే పరికరం. యాంటెన్నా లాగి మీట నొక్కితే ఉపగ్రహాల ద్వారా కాన్‌బెర్రాలోని రక్షణ కేంద్రానికి సంకేతం చేరుతుంది. ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర దాన్ని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. మీ పేరు, ఇంటివాళ్ళ ఫోను, బండి వివరాలు, ప్రయాణ మార్గం అందులో రాయండి. దాన్ని సామాను సంచిలో పెట్టొద్దు, జాకెట్ జేబులో పెట్టుకోండి. బండి ఒకచోట, మీరు ఒకచోట పడితే సంచిలోని బీకన్ ఎందుకూ పనికిరాదు. పంక్చరుకు, పెట్రోలు అయిపోవడానికి అది నొక్కకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం క్షణం ఆలోచించకుండా నొక్కండి.

ఈ నేలలో గాయపడినవాళ్ళను ఆసుపత్రికి చేర్చేది చాలాసార్లు విమానమే. 1928లో జాన్ ఫ్లిన్ అనే మతగురువు చొరవతో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సేవ ఇప్పటికీ నడుస్తోంది. విమానం వచ్చినా గంటలు పడుతుంది. అందుకే రక్తస్రావం ఆపే కట్టు, పాము కాటుకు చుట్టే వెడల్పాటి సాగే పట్టీలు రెండు దగ్గర ఉంచుకుని, కట్టడం నేర్చుకోండి. ఒక రోజు ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళడం అన్నిటికంటే మేలు.

ఇంటి దగ్గర ఒక్క మనిషిని బాధ్యులుగా పెట్టుకోండి. నా విషయంలో అది మా అక్క. రోజూ రాత్రి ఏ ఊళ్ళో ఉంటానో రాసిన కాగితం ఆమె ఫ్రిజ్ మీద అంటించాను. రాత్రి తొమ్మిది లోపు నా నుంచి కబురు రాకపోతే ముందు ఆ మజిలీకి ఫోను చేయాలి, అక్కడా లేకపోతే పోలీసులకు. బంధువులందరికీ చెబితే ఎవరికి వారు ఇంకెవరో చూస్తారని అనుకుంటారు. ఒక్కరికే చెప్పండి. దారి మార్చుకుంటే ఆ ఒక్కరికి తప్పకుండా తెలియజేయండి.

బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఈ దేశంలో బండినో కారునో వదిలి నీళ్ళ కోసం, సాయం కోసం నడిచి వెళ్ళినవాళ్ళు దారిలో చనిపోయి, వాహనం క్షేమంగా దొరికిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. పైనుంచి వెతికేవాళ్ళకు బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. బండికి టార్పాలిన్ కట్టి నీడ చేసుకుని కూర్చోండి. స్టువర్ట్ హైవే మీద పగటిపూట ఎవరో ఒకరు వస్తారు, తప్పక ఆగుతారు. మీరూ అలాగే ఆగాలి. ఎదురొచ్చే డ్రైవర్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతారు. అది పలకరింపు. మీరు తల ఊపినా చాలు.

రోడ్డు మీద

జూన్‌లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడుంబావుకు తెల్లవారి, ఆరింటికి పొద్దు గుంకుతుంది. ఎనిమిది దాటాక బయలుదేరండి, సాయంత్రం నాలుగున్నరకు బండి స్టాండు వేయండి. ఎందుకంటే కంగారూలు మేతకు కదిలేది తెల్లవారుజామున, మునిమాపున. ఒకసారి అయిదుంబావుకు, "ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా" అనుకుని ఆగకుండా వెళ్ళాను. రోడ్డు పక్క పొద బూడిద రంగులో ఉంది. ఆ పొదలో ఒక ముక్క విడిపడి, గాల్లోకి లేచి, నా ముందు చక్రానికి రెండు బారల దూరంలో నేలను తాకి, మళ్ళీ లేచి అవతలికి పోయింది. దాని తోక ఊపు, పొట్ట కింది తెల్లటి బొచ్చు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి. బ్రేకు మీదికి నా వేళ్ళు వెళ్ళేలోపే అంతా అయిపోయింది. ఆ ఇరవై కిలోమీటర్లూ నలభై వేగంతో వెళ్ళాను.

పశువుల సంగతి వేరు. ఇక్కడ స్టేషన్ అంటే రైలు ఆగే చోటు కాదు, పశువుల క్షేత్రం. ఒక్కొక్కటీ మన జిల్లా అంత ఉంటుంది. చాలాచోట్ల రోడ్డుకు కంచె లేదు. పగలే ఎద్దులు రోడ్డు మీద నిలబడతాయి. రోడ్డు మీద చచ్చిన జంతువు కనిపిస్తే వేగం తగ్గించండి. దాని మీద గద్దలుంటాయి. పొట్ట నిండిన పెద్ద గద్ద బరువుగా, గాలికి ఎదురుగా, ఒక్కోసారి మీ వైపే లేస్తుంది.

రోడ్ ట్రైన్ అంటే మూడు నాలుగు ట్రైలర్లు తగిలించిన లారీ. 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటుంది, అంటే మూడు వోల్వో బస్సులు వరసగా నిలబెట్టినదానికంటే ఎక్కువ. ఎదురుగా వస్తున్నప్పుడు వేగం కాస్త తగ్గించి, మీ వరుసలో ఎడమకు జరిగి, ట్యాంకును మోకాళ్ళతో గట్టిగా పట్టి, తల వంచండి. ముందు గాలి గోడలా కొడుతుంది, అది దాటిపోగానే దాని వెనక ఖాళీలోకి లాగుతుంది. చేతులు బిగించకండి, బండిని కొద్దిగా ఊగనివ్వండి. దాటి వెళ్ళాలంటే ముందు కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కనిపించాలి. చివరి ట్రైలర్ పాములా ఊగుతుంటే తొందరపడకండి. వెనక దూరంగా ఉండి, తర్వాతి మజిలీలో టీ తాగండి, అది ముందుకు పోతుంది. ఉత్తర భూభాగంలో ఈ హైవే మీద 130 దాకా అనుమతి ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 110. నా మాట అడిగితే రెండుచోట్లా వంద చాలు. పెట్రోలూ మిగులుతుంది, ఆపే సమయమూ దొరుకుతుంది.

పింబా దాటాక కొంత దూరం ఊమెరా సైనిక పరీక్షా ప్రాంతం గుండా వెళతారు. హైవే మీద వెళ్ళవచ్చు, పక్కకు దిగి గుడారం వేయకూడదు. అలాగే ఆదివాసుల భూముల్లోకి వెళ్ళే దారులకు ముందస్తు అనుమతి పత్రం కావాలి. ఉలురు వాళ్ళ పవిత్ర స్థలం. 2019 అక్టోబరు 26 నుంచి దాన్ని ఎక్కడం పూర్తిగా నిషేధించారు. కొన్ని భాగాలను ఫొటో తీయొద్దని బోర్డులుంటాయి. గర్భగుడిలో కెమెరా తీయం కదా, ఇదీ అంతే. చుట్టూ పదికి పైగా కిలోమీటర్ల కాలిబాట ఉంది, పొద్దున్నే నడవండి.

మట్టిదారి మీదికి దిగాలనుకుంటే

ఊడ్నడాటా ట్రాక్ గురించి అందరూ ఆశపడతారు. మారీ నుంచి మార్లా దాకా 620 కిలోమీటర్ల మట్టిదారి, పాత రైలు మార్గం వెంట సాగుతుంది. పెట్రోలు విలియం క్రీక్‌లో, ఊడ్నడాటాలో. ఒక్కో మజిలీ సుమారు 200. మొదటి ప్రయాణంలో ఒంటరిగా ఇటు వెళ్ళకండి. వెళితే రెండు బండ్లు ఉండాలి. టైర్లలో గాలి కొంత తగ్గించుకోండి, ముందు చక్రం మీద బరువు పడకుండా పాదాల మీద నిలబడి నడపండి. మెత్తటి దుమ్ము నిండిన గోతులు పైకి చదునుగా కనిపిస్తాయి. లోపల జానెడు లోతు ఉంటుంది. అందులో దిగాక బ్రేకు వేస్తే పడతారు. ఆక్సిలరేటర్ నిలకడగా ఉంచి దూరం చూస్తూ దాటండి. చినుకు పడిందంటే ఆ మట్టి జిగురుగా మారి మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య బిగుసుకుపోతుంది. వాన సూచన ఉంటే ఊళ్ళోనే ఆగండి. మూసేసిన రోడ్డు మీదికి వెళితే జరిమానా వేస్తారు, మీ చక్రాల జాడ ఎండి గట్టిపడి తర్వాత వచ్చేవాళ్ళను పడేస్తుంది.

డార్విన్ చేరాక

తిరుగు ప్రయాణం గురించి బయలుదేరేముందే తేల్చుకోండి. సెలవు లేనివాళ్ళు బండిని లారీలో పంపి విమానంలో రావచ్చు. చలికాలంలో రవాణా సంస్థలకు గిరాకీ ఎక్కువ, కనీసం నెల ముందు మాట్లాడుకోండి. అప్పగించేముందు ట్యాంకులో పెట్రోలు దాదాపు ఖాళీ చేయమంటారు, డబ్బా తీసుకోరు. రేడియేటర్ రెక్కల్లో, ఇంజను కింద అతుక్కున్న ఎర్రమట్టిని, పురుగులను నీళ్ళతో మెల్లగా కడగండి. ఎండితే గీకినా రాదు. బండిని నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. బీకన్ నమోదులో రాసిన ప్రయాణ వివరాలు తీసేయండి. ముందుగా మాత్రం, బండి స్టాండు వేసిన వెంటనే, ఫ్రిజ్ మీద కాగితం పెట్టుకుని కూర్చున్న ఆ ఒక్క మనిషికి ఫోను చేయండి.